నాన్నగారి పాకెట్ డైరీలు: బ్యాంకు వాళ్లెవరైనా చదివి చెప్పగలరా?

మూడోబెంచీ

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కిందటేడు కాలం చేశారు. వచ్చే నెలలో సంవత్సరీకం. ఆ రోజు బంధువులకి పంచడానికి చిన్న పుస్తకం వేద్దామని అన్నయ్య అన్నాడు, రాసే పని నాకు అప్పజెప్పాడు. నమూనాకని ప్రింటరు పాత పుస్తకాలు కొన్ని ఇచ్చాడు. చదివితే అందరూ కర్మయోగులే, అందరూ అజాతశత్రువులే. ఫొటో మారిస్తే ఎవరిది ఎవరికైనా సరిపోతుంది. మా నాన్న పుస్తకం అలా ఉండకూడదని నా పట్టుదల.

చిక్కేమిటంటే ఆయన నాకు ఇంట్లో మనిషిగానే తెలుసు. బడి తెరిచే ముందు రోజు రాత్రి మా పుస్తకాలన్నిటికీ అట్టలు వేసి, లేబుళ్ల మీద పేర్లు ఆయనే రాసేవారు. అమ్మకి జ్వరమొస్తే వంట ఆయనదే. చారు ఒక్కటే వచ్చు, అదీ ఉప్పు ఎక్కువ. ఇవి రాయగలను. కానీ డెబ్బైల మొదట్లో క్లర్కుగా చేరి మేనేజరుగా రిటైరయ్యేదాకా బ్యాంకులో ఏం చేశారో నాకు తెలీదు. ఇంట్లో బ్యాంకు ఊసు ఎత్తేవారు కాదు. జాతీయం చేసిన బ్యాంకు, కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో బదిలీలు. నాకు తెలిసింది అంతే.

ట్రంకు పెట్టెలో ఆయన పాకెట్ డైరీలు దొరికాయి. మనసులో మాటలేమీ లేవు, రోజుకి ఒకటో రెండో ముక్కలు. కొన్ని ఇక్కడ పెడుతున్నాను, అర్థం చెప్పగలరా?

"తేడా 0.27. తొమ్మిదితో పోయింది. రాత్రి 10.20కి దొరికింది."
"చెవి వచ్చింది. రేపు పంపాలి."
"తాళం ఇచ్చాను. సంతకాలు అయ్యాయి. 11 గంటల బస్సు."
"పదో తేదీ లోపల వెయ్యమని చెప్పాలి."
"ఆప్షన్ ఇచ్చేశాను. మిగతావాళ్లు ఇవ్వలేదు."

పాతలెడ్జర్

అమ్మా, నేనూ మీ నాన్నగారి తరం వాడినే. ఆ ముక్కలు చదువుతుంటే నా డైరీ ఎవరో ఎత్తుకెళ్లారేమో అనిపించింది.

కంప్యూటర్లు లేని రోజుల్లో ప్రతి ఖాతాకీ లెడ్జరులో ఒక పేజీ. వోచరు చూసి చేత్తో ఎక్కించాలి, నిల్వ తీయాలి, ఆఫీసరు పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఎప్పటికప్పుడు ఆ నిల్వలన్నీ జాబితా రాసి కూడితే బ్రాంచి మొత్తం లెక్కలుండే జనరల్ లెడ్జరు అంకెతో పైసలతో సహా కలవాలి. దాన్ని బ్యాలెన్సింగ్ అనేవాళ్లం. 27 పైసలే కదా, జేబులోంచి వేసేద్దాం అనడానికి లేదు. ఆ 27 పైసల వెనక ఒక పెద్ద జమ తప్పూ ఒక పెద్ద ఖర్చు తప్పూ ఒకదాన్నొకటి కప్పుకుని ఉండొచ్చు. అందుకే ఎంత చిన్న తేడాకైనా కూర్చునేవాళ్లం.

తేడా రాగానే మొదట తొమ్మిదితో భాగించి చూస్తాం. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయని అనుమానం. 63 బదులు 36 రాస్తే తేడా 27. 500 బదులు 50 వేస్తే 450, అదీ తొమ్మిదితో పోతుంది. అలా పోకపోతే, తేడాలో సగం మొత్తానికి ఏదైనా వోచరు ఉందేమో వెతుకుతాం. జమ కావాల్సింది ఖర్చులో పడితే తేడా రెట్టింపు కనిపిస్తుంది కాబట్టి. మీ నాన్నగారు ఆ రాత్రి 10.20కి ఏదో పేజీలో తిరగబడ్డ రెండంకెలు పట్టుకున్నారన్నమాట. ఆ సంతోషం ఇంకొకరికి చెప్తే అర్థం కాదు. అందుకే ఇంట్లో చెప్పి ఉండరు.

పదో తేదీ సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి పొదుపు ఖాతాకి రోజువారీ నిల్వ మీద వడ్డీ వస్తోంది. అంతకుముందు ప్రతి నెలా పదో తేదీ నుంచి ఆఖరి తేదీ దాకా ఉన్న కనీస నిల్వ మీదే లెక్క. పదకొండున డబ్బు వేస్తే ఆ నెలకి దాని మీద వడ్డీ సున్న. ఇది చాలామంది ఖాతాదారులకి తెలీదు. మీ నాన్నగారు ఎవరికో చెప్పాలనుకున్నారు. చెప్పమని ఆయన్ని ఎవరూ అడగరు, చెప్పకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

రెండోకౌంటర్

చెవి నాకు వదిలెయ్యండి సార్, నేను చెప్తా!

మేడం, అది గేదె చెవి. నిజంగానే. 1980 అక్టోబరు 2 నుంచి దేశంలో అన్ని బ్లాకుల్లో ఐ.ఆర్.డి.పి., అంటే సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం పెట్టారు. పేద కుటుంబానికి గేదె, కుట్టు మిషను, ఎడ్లబండి లాంటివి బ్యాంకు అప్పుతో, ప్రభుత్వ సబ్సిడీతో. గేదెకి ఇన్సూరెన్సు చేసి చెవికి నంబరున్న ట్యాగు బిగించేవారు. గేదె చస్తే క్లెయిముకి ఆ ట్యాగు కావాలి. ట్యాగు ఒక్కటీ ఊడదీసి తెస్తే బతికున్న గేదెదేమో అని ఇన్సూరెన్సు వాళ్లకి అనుమానం. అందుకని రైతు ట్యాగుతో పాటు చెవి ముక్కే కోసుకుని సంచిలో తెచ్చేవాడు. ఎండాకాలంలో బ్రాంచి పరిస్థితి మీరే ఊహించుకోండి. నేను క్యాషియర్ని, కౌంటర్లో నా పక్కనే పెట్టేవారు!

మూడోబెంచీ

రెండోకౌంటర్ గారూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. "ఒకసారి ఆ సంచి ఇంటికి తెచ్చారు, పొద్దున్నే పోస్టులో వెయ్యాలని. గుమ్మం దాటనివ్వలేదు, రాత్రంతా గోడకి కొట్టిన మేకుకి వేలాడింది" అంది. ఇన్నేళ్లకి ఆ సంచిలో ఏముందో నాకు తెలిసింది. అమ్మకి అప్పుడే తెలుసు!

పాతలెడ్జర్ గారికి నమస్కారాలు. తాళం గురించి ఎవరైనా చెప్తారా? ఆ వాక్యం నేను పుట్టిన రోజు పేజీలో ఉంది. నేను పుట్టిన మర్నాడు గానీ ఆయన రాలేదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకో డైరీలో, తాతయ్య పోయిన రోజున "తాళం తీసుకునే మనిషి లేడు" అని ఉంది. ఆ రోజు ఆయన స్మశానానికి నేరుగా వచ్చారు.

ఆఖరిబస్సు

నేను రిటైరైన ఆఫీసర్ని, ఆడమనిషిని. తాళం గురించి నేను చెప్తాను, నా జీవితంలో సగం దాంతోనే గడిచింది.

బ్రాంచిలో క్యాషు ఉండే ఇనప్పెట్టెకి రెండు తాళాలు. ఒకటి హెడ్ క్యాషియర్ దగ్గర, ఇంకొకటి అకౌంటెంటు దగ్గరో మేనేజరు దగ్గరో. ఇద్దరూ ఉంటేనే తెరుచుకుంటుంది, అదే దాని ఉద్దేశం. మన దగ్గరున్న తాళం ఊరికే ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లడానికి కుదరదు. తీసుకునే అర్హత ఉన్న మనిషి రావాలి, పెట్టెలో డబ్బు లెక్క చూసుకోవాలి, రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పెద్ద బ్రాంచిలో ఫర్వాలేదు. నలుగురు పనిచేసే పల్లెటూరి బ్రాంచిలో ఇంకో ఆఫీసరు లేకపోతే రీజినల్ ఆఫీసు ఎవర్నైనా పంపేదాకా కదలలేం. తాళంతో వెళ్లిపోతే మర్నాడు బ్రాంచి తెరిచినా క్యాషు బయటికి రాదు. పెన్షన్లు, రైతుల అప్పులు, జీతాలు అన్నీ ఆగిపోతాయి.

మీ నాన్నగారు సంతకాలయ్యాక 11 గంటల బస్సెక్కారంటే ఆ పూట ఎవరో వచ్చి తాళం తీసుకున్నారు. తాతగారి విషయంలో ఎవరూ రాలేదు.

వలసపక్షి

ఇదంతా బాగానే ఉంది. నేనూ బ్యాంకు ఆఫీసరు కొడుకునే కాబట్టి ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. తాళం ఉంది, బదిలీ ఉంది, లెక్కలు ముగించే క్లోజింగ్ ఉంది, ఆడిట్ ఉంది. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కానీ ఆ కారణాల మధ్య మా నాన్న మాకు ఆదివారం మధ్యాహ్నం మాత్రమే దొరికేవాడు. ఏడో తరగతి సగంలో ఊరు మారాం, పదో తరగతికి ముందు మళ్లీ మారాం. ప్రతి ఊళ్లోనూ కొత్త బడి, కొత్త వెనక బెంచీ. మమ్మల్ని పెంచింది మా అమ్మ. రేపు ఆయన పుస్తకంలో "కుటుంబమే సర్వస్వం" అని రాస్తే నేను నవ్వాలో ఏడవాలో తెలీదు. మీరు డైరీల్లోంచి కారణాలు ఏరుకుని ఆయన్ని గెలిపిస్తున్నారేమో చూసుకోండి.

పాతలెడ్జర్

బాబూ, మా పిల్లలు కూడా ఇదే అంటారు. నేను వాదించను.

ఒక్క మాట చరిత్ర కోసం. 1969 జూలై 19న 14 బ్యాంకుల్ని, 1980 ఏప్రిల్ 15న ఇంకో ఆరింటిని జాతీయం చేశారు. ఆ తర్వాత బ్యాంకు అన్నదే లేని ఊళ్లలో బ్రాంచీలు లేచాయి. వాటిల్లో కూర్చోవడానికి మనుషులు కావాలి. పైకి వెళ్లాలంటే పల్లెల్లో పనిచెయ్యాల్సిందే. ఆఫీసర్లకి బదిలీ తప్పదు. పిల్లల చదువు అడ్డొస్తే కుటుంబాన్ని ఒక ఊళ్లో ఉంచి ఇంకో ఊళ్లో గది తీసుకోవాలి. మేము చేసింది మంచిదా చెడ్డదా అంటే నా దగ్గర జవాబు లేదు.

బందరులడ్డు

బ్యాంకుల జాతీయం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆంధ్రా బ్యాంకు 1923లో మా మచిలీపట్నంలో పుట్టింది. పెట్టిన పట్టాభి సీతారామయ్య గారు వృత్తికి వైద్యులు. బ్యాంకే కాదు, ఇన్సూరెన్సు కంపెనీ కూడా పెట్టారు. 1980లో జాతీయం చేసిన ఆరింటిలో అదొకటి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. మా నాన్న చేతి పాస్‌బుక్కు ఇంకా ఉంది మా ఇంట్లో.

రెండోకౌంటర్

బందరు గారూ, మీ బ్యాంకుకి వేరే చర్చ పెట్టుకోండి, ఇక్కడ మేడం పుస్తకం ఆగిపోతోంది 🙂

ఆఖరిబస్సు

వలసపక్షి అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. సమయానికి ఫీజు కట్టి, అట్టలు వేసి, జ్వరమొస్తే చారు కాస్తే మగవాడిని "కుటుంబం మనిషి" అంటారు. అవన్నీ రోజూ చేసినా నన్నెవరూ అలా అనలేదు. పైగా ప్రమోషన్ వద్దని రెండుసార్లు రాసిచ్చాను. ప్రమోషన్ అంటే బదిలీ, బదిలీ అంటే చిన్నపిల్లాణ్ని వదిలి వెళ్లడం. నా బ్యాచి మగవాళ్లు చీఫ్ మేనేజర్లయ్యారు. నాకు బాధ లేదనను.

మీ నాన్నగారి గురించి చులకనగా అనడం లేదమ్మా. ఆయన వేసిన అట్టల గురించి రాయండి. ఆయన తాళంతో ఉన్న రాత్రుళ్లు ఇంట్లో ఎవరు ఏం చేశారో కూడా అదే పేజీలో రాయండి.

మూడోబెంచీ

రాస్తాను ఆంటీ. వలసపక్షి గారూ, మీరన్నది రెండు రోజులు బుర్రలో తిరిగింది. నిజానికి నేను కారణాలే వెతుకుతున్నాను.

ఆప్షన్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. అది 1995 డైరీలో ఉంది.

కోర్‌బ్యాంకింగ్‌పిల్ల

నేను ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నా, ఇది నేను చెప్పగలను. అది పెన్షన్ ఆప్షన్. 1995లో బ్యాంకు ఉద్యోగుల పెన్షన్ నిబంధనలు వచ్చాయి. అంతవరకు ప్రావిడెంట్ ఫండులో ఉద్యోగి వాటాతో పాటు బ్యాంకు వాటా కూడా జమయ్యేది, రిటైరైనప్పుడు రెండూ ఒక్క మొత్తంగా చేతికొచ్చేవి. పెన్షన్ కావాలంటే బ్యాంకు వాటా వదులుకోవాలి. అప్పట్లో చాలామంది వదులుకోలేదు. పెద్ద మొత్తం కళ్లముందు కనిపిస్తుంటే నెలనెలా వచ్చే పెన్షన్‌ని ఎవరు నమ్ముతారు? పైగా సమ్మెలో పాల్గొంటే పాత సర్వీసు పోతుందన్న నిబంధన ఒకటి ఉందని భయం. వద్దనుకున్నవాళ్లకి మళ్లీ అవకాశం 2010లో గానీ రాలేదు. అప్పుడు కూడా రిటైరైనవాళ్లు తీసుకున్న బ్యాంకు వాటా అదనంతో కలిపి వెనక్కి కట్టాల్సి వచ్చింది.

మీ నాన్నగారు మొదటిసారే ఇచ్చేశారు. దాని వల్ల ఇప్పుడు మీ అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది కదా? ఫండు తీసుకునుంటే ఆ డబ్బు ఏ ఇంటికో, ఏ పెళ్లికో ఎప్పుడో అయిపోయేది. ఆయన పోయాక కూడా నడిచేది పెన్షన్ ఒక్కటే.

పాతలెడ్జర్

నేను 1995లో ఇవ్వలేదు. ఉద్యోగుల యూనియన్ ఆఫీసులో గంటలు గంటలు వాదించుకున్నాం. 2010లో బంగారం కుదువపెట్టి బ్యాంకు వాటా తిరిగి కట్టాను. మీ నాన్నగారు ముందే చూశారు.

మూడోబెంచీ

అమ్మని అడిగాను. ఆయన ఆ రోజు కాగితం మీద రెండు వరసలు అంకెలు వేసి చూపించారట. ఒక వరస ఆయన ఉన్నంతవరకు, రెండో వరస ఆయన లేకపోతే. రెండోది చూడనని అమ్మ లేచి వెళ్లిపోయిందట. మర్నాడు ఆప్షన్ ఇచ్చేశారు.

ఆయన పోయాక మేం ఏ బ్యాంకు చుట్టూ పెద్దగా తిరగలేదు. ఫైలు తీస్తే పైనే జాబితా. డిపాజిట్లన్నీ ఇద్దరి పేర్ల మీద, "ఐదర్ ఆర్ సర్వైవర్" అని, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకోవచ్చు. లాకరుకి నామినీ. ఇన్సూరెన్సుకి నామినీ. అప్పులు లేవు అని ఒక గీత గీసి సంతకం.

కోర్‌బ్యాంకింగ్‌పిల్ల

చదువుతున్న మిగతావాళ్లు కూడా ఇది చూసుకోండి, రోజూ కౌంటర్లో చూసే బాధ ఇది. భర్త ఒక్కడి పేరు మీదే డిపాజిట్ ఉండి నామినీ లేకపోతే, ఆవిడ వారసుల కాగితాలు, హామీలు, సంతకాలంటూ తిరగాలి. నామినీ ఉంటే డబ్బు చేతికొస్తుంది. అయితే నామినీ అంటే సొంతదారు కాదు, వారసుల తరఫున తీసుకునే మనిషి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలు పెట్టుకోవచ్చు. వెళ్లి పెట్టించుకోండి.

మూడోబెంచీ

ఇంకొకటి ఉంది, పెట్టాలా వద్దా అని ఆగాను. ఆఖరి ఏడాది డైరీలో "మెమోకి జవాబు, 14 పేజీలు" అని ఉంది. ఆ తర్వాత రోజుల తరబడి ఖాళీ. రిటైర్మెంటుకి కాస్త ముందు "మూసేశారు" అని ఒక్క మాట. ఆ ఏడాది ఆయన మాతో సరిగ్గా మాట్లాడేవారు కాదు. నా పెళ్లి ఆయనకి ఇష్టం లేదేమో అనుకున్నాను. బ్యాంకు పేరు అడగకండి.

ఆఖరిబస్సు

అయ్యో. అది మా అందరికీ తెలిసిన భయం. రిటైరయ్యే ముందు పాత అప్పులు తవ్వుతారు. ఎప్పుడో ఇచ్చిన అప్పు మొండిదైతే, ఆ రోజు ఎవరు సంతకం పెట్టారు, అప్పుతో పెట్టిన యూనిట్ చూడటానికి వెళ్లారా, రిపోర్టు ఏది అని మెమో వస్తుంది. మంజూరు చెయ్యమని పైనుంచి తొందరపెట్టినవాళ్ల సంతకం ఎక్కడా ఉండదు. విచారణ పెడితే రిటైరైనా అది ముగిసేదాకా రావాల్సిన డబ్బు ఆగిపోవచ్చు. ఆ నెలల్లో మనిషి ఇంట్లో ఉన్నా ఉండడు. మీ పెళ్లికీ దానికీ సంబంధం లేదమ్మా. మీ పెళ్లి ఖర్చుకి గ్రాట్యుటీ వస్తుందా రాదా అని లెక్కలు వేసుకుని ఉంటారు, అంతే.

మూడోబెంచీ

అన్నయ్య ఆ పేజీ పుస్తకంలో వద్దంటున్నాడు. బంధువులకి మెమో అంటే తప్పు చేశాడనే అర్థమవుతుందంటాడు. అదీ నిజమే.

వలసపక్షి

నేనైతే పెడతాను. అజాతశత్రువుకి మెమో రాదు, మనిషికి వస్తుంది. ఇది చదివాక మా నాన్నకి ఫోన్ చేశాను. "మీకెప్పుడైనా మెమో వచ్చిందా" అని అడిగితే, "నాలుగు" అన్నాడు, వెంటనే "భోంచేశావా" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఆదివారం వెళ్తున్నాను.

మూడోబెంచీ

ముందుమాట రాసి అమ్మకి చూపించాను. "కుటుంబం కోసం తన జీవితాన్ని త్యాగం చేసిన" అన్నచోట ఆపింది. "త్యాగమని రాయకు. ఆయనకి బ్యాంకంటే ఇష్టం. ఆ తేడాలు దొరికినప్పుడు మొహం చూడాల్సింది. ఇష్టమైన పని చేసుకున్నారు, ఇంటికొచ్చి మిమ్మల్ని చూసుకున్నారు. త్యాగం రాయాలంటే నాది రాయి ముందు" అంది. ఆ వాక్యం కొట్టేశాను. మెమో పేజీ కూడా ఉంచమంది, అన్నయ్య ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు మొదటి పేరా ఇలా ఉంది, చూడండి:

"మా నాన్నగారు బ్యాంకులో పనిచేశారు. క్యాషు పెట్టె తాళాల్లో ఒకటి చాలా ఏళ్లు ఆయన దగ్గర ఉండేది. దాని వల్ల నేను పుట్టినప్పుడు, తాతయ్య పోయినప్పుడు ఆయన ఆలస్యంగా వచ్చారు. ఆయన రానప్పుడు అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది, ఇల్లు మారినప్పుడు సామాను సర్దింది, ప్రతి ఊళ్లోనూ మాకు బడి వెతికింది అమ్మ. 1978 మార్చి 31 క్లోజింగ్ రాత్రి ఆయన ఇంటికి రాలేదని అమ్మకి ఇప్పటికీ గుర్తు. ఆయనకి ఆ పని ఇష్టం. మా లేబుళ్ల మీద పేర్లు ఎంత శ్రద్ధగా రాశారో లెడ్జర్లూ అంతే శ్రద్ధగా రాశారని ఆయనతో పనిచేసినవారు చెప్తారు."

పాతలెడ్జర్

బాగుంది అమ్మా. ఒక్క సవరణ. 1978లో బ్యాంకుల క్లోజింగ్ మార్చి 31 కాదు. అప్పట్లో జూన్ 30, డిసెంబరు 31. బ్యాంకుల లెక్కల ఏడాది మార్చికి మారింది 1989లో. అమ్మగారిని మళ్లీ అడగండి, చలికాలమా ఎండాకాలమా అని.

మూడోబెంచీ

అడిగాను. చలికాలమేనట, రగ్గు పంపించిందట బ్రాంచికి. డిసెంబరు 31 అని మార్చాను.

పాతలెడ్జర్

సరే. ఇంకో సంగతి. 2021లో ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతానికి పెంచారు, పాత 9,284 రూపాయల పరిమితి తీసేశారు. అమ్మగారికి కొత్త లెక్క ప్రకారమే వేస్తున్నారా చూసుకోండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా?

మూడోబెంచీ

ఇచ్చాం సార్. పెన్షన్ లెక్క సోమవారం వెళ్లి చూస్తాను.